విషం ఎక్కిన పాచిక

వైకుంఠపాళిలో పాము కరిస్తే ఏమవుతుందో మీ అందరికీ తెలుసు. నోటి దగ్గరున్న కాయ జర్రున తోక దగ్గరికి జారుతుంది. పక్కవాళ్ళు చప్పట్లు కొడతారు, కాయగలవాడు మొహం మాడ్చుకుంటాడు. మరి ఆ తర్వాత? ఏమీ లేదు. వంతు రాగానే వాడూ అందరిలాగే గవ్వలు గుప్పిట పట్టి వేస్తాడు. అంత పెద్ద పాము కాటేసినా ఒంట్లో విషం ఉండదు, కళ్ళు బైర్లు కమ్మవు, చెయ్యి వణకదు. పై వరసలోంచి అడుగుకు పడ్డాడన్న మాటేగానీ, వాడి పందేనికీ ఒక్క పాముకూ చిక్కనివాడి పందేనికీ తేడా లేదు.

ఆ విషం ఒంట్లో మిగిలిపోయే ఆటలు కొన్ని ఉన్నాయి. కరిచిన పాము వెళ్ళిపోయినా, తర్వాత వేసే ప్రతి పందెం మీదా దాని నీడ పడుతుంది. మనిషి స్థితిని బట్టి పాచిక విలువ మారుతుంది. ఈ పూట మాట్లాడబోయేది వాటి గురించే.

నేను ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ మనిషిని. ఊరు పశ్చిమ బెంగాల్లో ఉంది, ఇంటి మాట తెలుగు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి కుటుంబాలు ఇక్కడికి రావడం మొదలుపెట్టాయి. కొందరు వర్క్‌షాపులో ఫిట్టర్లు, కొందరు యార్డులో పాయింట్స్‌మెన్లు, కొందరు లైను మీద గ్యాంగ్‌మెన్లు. ఆ రైల్వే పోయి 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే వచ్చింది గానీ, పాతవాళ్ళ నోట ఇంకా బి.ఎన్.ఆర్. అన్న మాటే పలుకుతుంది. ఇలాంటి ఊళ్ళో ఆటలు కూడా కలిసిపోతాయి. ఒక ఇంటి వరండాలో సుద్దముక్కతో గీసిన అష్టా చెమ్మా, పక్కింటి గడపలో లూడో అట్ట. లూడోలో వరసగా మూడుసార్లు ఆరు పడితే బెంగాలీ పిల్లలు ‘తిన్ ఛక్కా పుట్’ అని కేకేస్తారు. మూడు ఆర్లూ గాలికి పోయినట్టే. అదృష్టం మితిమీరితే సున్నా అయిపోతుందన్న ఆ నియమం మన గవ్వలాటలోనూ ఉంది. అయితే ఇవన్నీ కాయల ఆటలు. కాయకు ఒళ్ళు లేదు, భయం లేదు, ఆకలి లేదు. కాబట్టి దానికి జబ్బు చేయదు.

ఒళ్ళున్న ఆట 1974లో వచ్చింది. అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను ఆ ఏడాది అచ్చువేశారు. దానికి బోర్డు ఉండి తీరాలని లేదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలొక పాత్రా తీసుకుంటారు. “నేను గోడ ఎక్కుతాను,” “నేను వాడి మీదికి బాణం వేస్తాను” అని నోటితోనే చెబుతారు. ఎక్కగలిగాడా, బాణం తగిలిందా అన్నది పాచిక తేలుస్తుంది. ఆ పాచికకు ఇరవై ముఖాలు. చూడటానికి ఉసిరికాయంత ఉంటుంది. పాచిక మీద పడ్డ అంకెకు పాత్ర నేర్పును బట్టి కొంత కలుపుతారు, మొత్తం కథకుడు పెట్టిన గీటును అందుకుంటే పని అయినట్టు. అంతే ఆట. ఆ మాత్రం దాని మీద వందల పేజీల నియమాల పుస్తకాలున్నాయంటే దానికి సగం కారణం ఈ ఒళ్ళే.

మా మేనల్లుడు సెలవులకు వస్తూ ఈ పాచికల సంచీ తెచ్చాడు. రాక్షసులూ డ్రాగన్లూ మాకు అచ్చిరావని, మేం మా ఊరి కథే పెట్టుకున్నాం. పాతకాలపు సిగ్నళ్ళ రోజులు. శ్రావణమాసపు రాత్రి, హోరున వాన. నింపురా యార్డు దగ్గర సిగ్నల్ దీపం ఆరిపోయింది. మెయిల్ రాబోతోంది. పట్టాలు చూసుకునే కీమేన్ స్తంభం నిచ్చెన ఎక్కి దీపం వెలిగించాలి. తడిసిన నిచ్చెన కాబట్టి పాచిక మీద 11 గానీ అంతకు పైన గానీ పడాలని కథకుడు అన్నాడు. ఇరవైలో పది ముఖాలు మేలు, పది ముఖాలు కీడు. నూటికి యాభై అవకాశం. కీమేన్ నిచ్చెన మీద చెయ్యి వేసేలోపు కంకరలోంచి పాము వచ్చి కాటేసింది.

ఇప్పుడేం చెయ్యాలి? వైకుంఠపాళి పద్ధతిలో అయితే కీమేన్‌ను స్టేషను దాకా వెనక్కి పంపేసి చేతులు దులుపుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. కీమేన్ అక్కడే ఉన్నాడు, స్తంభం అక్కడే ఉంది, రైలు వస్తోంది. మారిందల్లా కీమేన్ స్థితి.

రైల్వేవాళ్ళకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. స్టేషన్ మాస్టరు డ్రైవరు చేతికి కాషన్ ఆర్డర్ ఇస్తాడు, టి-409 కాగితం. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా గంటకు ఇరవై మించకూడదని అందులో రాసి ఉంటుంది. ఇంజిన్ అదే, డ్రైవరు అదే, వెనక పెట్టెలూ అవే. ఆ ముక్క మేర మాత్రం బండి నడక వేరు. మంచి కాషన్ ఆర్డర్‌లో మూడు సంగతులు స్పష్టంగా ఉంటాయి: ఎందుకు, ఎంత, ఎక్కడి దాకా. ఆటలో దెబ్బ తిన్న స్థితికీ ఈ మూడూ ఉండాలి. మూడోది చెప్పని నియమం ఆటగాణ్ణి ఏడిపిస్తుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు 2014లో వచ్చింది. విషం ఎక్కినవాడికి అందులో పెట్టిన శిక్ష నాకు బాగా నచ్చింది. వాడు ఒక పాచిక బదులు రెండు వేస్తాడు. రెండింట్లో చిన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. కలపడాలు, తీసెయ్యడాలు లేవు. కీమేన్ 18 వేసి, రెండోది 4 పడిందనుకోండి, వాడికి మిగిలేది 4. ఆ 18 కళ్ళెదుట మెరుస్తూనే ఉంటుంది గానీ చేతికి రాదు. పట్టు దొరికిందనుకున్న క్షణంలోనే చెయ్యి జారడం అంటే ఇదే.

ఎంత నష్టం అంటారా? పెన్సిలు దగ్గరుంటే వేసి చూడండి. కీమేన్ ఎక్కగలగాలంటే ఇప్పుడు రెండు పాచికలూ 11కి తగ్గకూడదు. మొదటిది సగం, రెండోది సగం. సగంలో సగం, నూటికి పాతిక. యాభై నుంచి పాతికకు పడిపోయాడు. మామూలు పాచిక సగటు 10.5 అయితే, ఈ రెండు పాచికల్లో చిన్నదాని సగటు 7.2కు కాస్త తక్కువ. ఒకవేళ పని తేలిక, 6 పడితే చాలు అనుకుందాం. ఒంట్లో బాగున్నప్పుడు నూటికి 75, విషంతో 56. ఇంకా సగం పైనే. అదే పని కష్టం, 16 కావాలి అంటే? బాగున్నప్పుడు 25, విషంతో 6 చిల్లర. ఇరవయ్యే పడాలి అంటే బాగున్నవాడికి ఇరవైలో ఒక వంతు, విషం ఎక్కినవాడికి నాలుగు వందల్లో ఒక వంతు. జ్వరం ఉన్నవాడు బీడీ వెలిగించుకోగలడు గానీ సిగ్నల్ స్తంభం ఎక్కలేడు కదా. ఈ ఒక్క నియమంలో ఆ తేడా దానంతటదే వచ్చేసింది. ఏ పనికి ఎంత తగ్గించాలని ఎవరూ పట్టికలు రాసుకోనక్కర్లేదు.

దీనికి ఎదురు నియమం కూడా ఉంది. ఎవరైనా సాయం పడితే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. కింద గ్యాంగ్‌మేన్ లాంతరు ఎత్తి పట్టుకుని నిచ్చెన కదలకుండా అదిమి పట్టాడనుకుందాం. 11 కావలసిన చోట ఇప్పుడు రెండూ తప్పితేనే ఓటమి, కాబట్టి నూటికి 75. మరి విషమూ ఉంది, లాంతరూ ఉంది. అప్పుడు? ఒకదానికొకటి చెల్లు. మామూలుగా ఒక్క పాచిక.

ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. విషం, వాన, చీకటి, కాలికి బెణుకు, ఇలా నాలుగు కష్టాలున్నా వేసేది రెండు పాచికలే. కష్టం నాలుగింతలైనందుకు పాచికలు పెరగవు. ఒక్క లాంతరు వచ్చి ఆ నాలుగు కష్టాలనూ కొట్టేస్తుంది. ఇదేం న్యాయం అని నేనంటే, లెక్కలు వేస్తూ కూర్చుంటే రైలు వచ్చేస్తుంది మావయ్యా అన్నాడు మా మేనల్లుడు. వాడన్నదీ నిజమే. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు కావలసింది కథ, ఖాతా పుస్తకం కాదు. అయినా నాకు ఆ లాంతరు మీద అనుమానం పోలేదు.

అంకెలు కూడి తీసెయ్యడమే నయం అనుకున్నవాళ్ళూ ఉన్నారు. ‘పాత్‌ఫైండర్’ అనే ఆట రెండో కూర్పు 2019లో వచ్చింది. అందులో భయానికి కొలత ఉంటుంది. భయం రెండు అంటే వేసిన ప్రతి పందెంలోంచీ రెండు తగ్గించుకోవాలి. మీ వంతు ముగిసేసరికి భయం ఒకటి అవుతుంది, మళ్ళీ వంతు ముగిస్తే పోతుంది. దడ పుట్టి మెల్లగా తగ్గడం ఒంట్లో ఎలా ఉంటుందో పాచికలోనూ అలాగే ఉంటుంది. భయమూ ఉంది, కడుపులో వికారమూ ఉంది అంటే రెండూ కూడవు. ఏది ఎక్కువైతే అదే లెక్క. రెండంటే ఏపాటి అనుకోకండి. ఆ ఆటలో గీటును పది అంకెల మేర దాటితే మామూలు గెలుపు కాదు, మహా గెలుపు. కాబట్టి తగ్గిన రెండు అంకెలూ గెలుపు దగ్గరా కొరుకుతాయి, మహా గెలుపు దగ్గరా కొరుకుతాయి.

పాచిక మారితే కోత బరువూ మారుతుంది. 1986లో స్టీవ్ జాక్సన్ తెచ్చిన ‘గర్ప్స్’ ఆటలో మూడు మామూలు పాచికలు వేస్తారు. అందులో తక్కువ పడటమే మేలు. నేర్పు 10 ఉన్నవాడు 10 గానీ అంతకు తక్కువ గానీ వెయ్యాలి, నూటికి యాభై అవకాశం. దెబ్బ తగిలి ఆ 10 కాస్తా 8 అయితే అవకాశం 26కు జారుతుంది. అదే నేర్పు 16 ఉన్న ఉద్దండుడికి అంతే దెబ్బ తగిలితే 98 నుంచి 91కి మాత్రమే. మూడు పాచికలు కలిపితే మధ్య అంకెలే ఎక్కువగా పడతాయి. అందుకే మధ్యస్థుడికి పెద్ద దెబ్బ, ఆరితేరినవాడికి గీత. వర్క్‌షాపులో పెద్ద మేస్త్రీలు చేతికి కట్టు కట్టుకుని కూడా పని చక్కగా చేసేవారు. ఏడాది నిండని అప్రెంటిసు వేలికి చిన్న ముల్లు దిగితే ఆ రోజు పని మొత్తం వంకరే.

స్థితి ఎప్పుడూ దాని యజమాని పాచికనే మారుస్తుందనుకుంటే పొరపాటు. ఎదుటివాడి పాచికనూ మారుస్తుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో నేల మీద పడిపోయినవాడి సంగతి చూడండి. వాడు కొట్టబోతే రెండు పాచికల్లో చిన్నది. దగ్గరికి వచ్చి వాణ్ణి కొట్టేవాడికి రెండింట్లో పెద్దది. కానీ దూరం నుంచి బాణం వేసేవాడికి మళ్ళీ చిన్నదే, ఎందుకంటే నేలకు కరుచుకున్నవాడికి గురిపెట్టడం కష్టం. కాబట్టి కత్తి వీరులు మీదికొచ్చే చోట పడిపోవడం చావు, బాణాలు వచ్చే చోట కావాలని బోర్లా పడుకోవడం తెలివి. ఒకే స్థితి ఒక చోట శాపం, ఇంకో చోట రక్ష. ఇలాంటి నియమం ఉన్న చోట ఆటగాడు అంకెలు వదిలేసి చుట్టూ చూడటం మొదలుపెడతాడు.

స్థితి పాచికను లొంగదీసుకోవడం ఇవాళ్టి అమెరికా సంగతి అనుకోకండి. మనకు నన్నయ భారతంలో ఆరణ్యపర్వం ఉంది, అందులో నలుడి కథ ఉంది. శ్రీనాథుడి శృంగార నైషధం ఎంత రమ్యమైనదైనా జూదం దాకా సాగదు. ఆ పాచికల చప్పుడు వినాలంటే నన్నయ దగ్గరికే వెళ్ళాలి.

దమయంతి స్వయంవరంలో నలుణ్ణి వరించిందని కలిపురుషుడికి కోపం. నలుణ్ణి పట్టుకోవాలి, కానీ పట్టు దొరకదు. పన్నెండేళ్ళు కాచుకున్నాడు. ఒక సాయంకాలం నలుడు కాళ్ళు కడుక్కోవడం మరిచి సంధ్య వార్చాడు. అంతే, కలి ఒంట్లో దూరాడు. అటు ద్వాపరుడు వెళ్ళి పాచికల్లో దూరాడు. తమ్ముడు పుష్కరుడు జూదానికి పిలిచాడు. నెలల తరబడి ఆట సాగింది. దమయంతి వద్దంది, మంత్రులు వద్దన్నారు, పురజనులు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. నలుడికి ఎవరి మాటా చెవికెక్కలేదు. రాజ్యం పోయింది, నగలు పోయాయి, కట్టుబట్టతో అడవికి.

ఆటలు రూపొందించేవాడి కంటితో ఈ కథను చూడండి. మనిషి ఒంట్లో ఒక స్థితి, పాచికలో ఇంకో స్థితి. నలుడు చెడు పందాలు వేశాడంటే ద్వాపరుడి పని. చెడు పందాలు పడుతున్నా ఆట మానలేకపోయాడంటే కలి పని. ఒకటి అంకెను పాడుచేసింది, రెండోది బుద్ధిని. ఈ తేడాను పట్టుకున్న ఆటల పుస్తకాలు నాకు తక్కువే కనిపించాయి. ఇవాళ్టి ఆటల్లో మైకం కమ్మిందన్న స్థితి ఉంటుంది, మైకం కమ్మినవాడు తనను మోసగించినవాడి మీద చెయ్యి ఎత్తలేడు. అంత వరకే. ఓడుతున్నకొద్దీ ఇంకా ఆడాలనిపించే స్థితికి నియమం రాయడం కష్టం. బల్ల దగ్గరున్న మనిషిని ఆ పని చెయ్యమని ఎవరు చెబుతారు? చెప్పినా వాడు వింటాడా?

అడవిలో మంటల్లో చిక్కిన కర్కోటకుడనే నాగరాజును నలుడు కాపాడాడు. కాపాడినందుకు కర్కోటకుడు కాటేశాడు. రూపం మారి నలుడు కురూపి బాహుకుడయ్యాడు. ఆ విషం మాత్రం నలుణ్ణి కాక లోపలున్న కలిని కాల్చడం మొదలుపెట్టింది. ఒంటి మీద రెండు స్థితులు. ఒకటి రెండోదాన్ని తింటోంది. సిగ్నల్ స్తంభం దగ్గర లాంతరు విషాన్ని కొట్టేసినట్టు ఒక్క దెబ్బతో చెల్లు కాదు ఇది. ఏళ్ళ తరబడి లోలోపల సాగిన పోరు.

విడుదల ఎలా వచ్చిందన్నది ఇంకా బాగుంటుంది. బాహుకుడు అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరాడు. ఇద్దరూ రథంలో పోతుంటే దారిలో ఒక తాండ్ర చెట్టు. ఆ కాలంలో జూదానికి వాడే పాచికలు ఆ చెట్టు కాయలే, తానికాయలు. ఋతుపర్ణుడు ఆ చెట్టును ఒక్క చూపు చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేశాడు. రెండు కొమ్మల్లో 2,095 కాయలున్నాయన్నాడు. నలుడు నమ్మలేదు. రథం ఆపి, చెట్టు పడగొట్టి లెక్కపెట్టాడు. సరిపోయింది. నాకు ఈ విద్య చెప్పు, నీకు గుర్రాల విద్య నేర్పుతానన్నాడు నలుడు. ఋతుపర్ణుడు ఒప్పుకుని అక్షహృదయం చెప్పాడు. పాచికల మర్మం తెలియగానే కర్కోటకుడి విషం కక్కుకుంటూ కలి బయటికి వచ్చి ఆ తాండ్ర చెట్టులోకే దూరాడు. తర్వాత నలుడు వెళ్ళి పుష్కరుణ్ణి ఒక్క పందెంతో గెలిచాడు. లెక్క తెలిసినవాడి ఒంట్లో కలి ఉండలేకపోయాడని కథ చెబుతోంది. సంభావ్యతా శాస్త్రం చరిత్ర రాసిన ఇయాన్ హాకింగ్ 1975లో తన పుస్తకంలో ఈ చెట్టు దగ్గర ఆగాడు. ఒక రెమ్మ చూసి రెండు కొమ్మలనూ అంచనా కట్టడం, పాచిక మర్మం తెలియడం ఒకే చోట రావడం ఆయనకు విశేషంగా తోచింది.

స్థితికి ముగింపు ఉండాలని ముందే అన్నాను. నలుడికి అది దొరికింది, ఆలస్యంగానైనా. ఇవాళ్టి ఆటల్లో చాలా స్థితులు వంతు వంతుకూ ఒక పాచిక వేసి విదిలించుకోవచ్చు. కావలసిన అంకె పడితే వదిలిపోతుంది, లేకపోతే మళ్ళీ వంతు దాకా ఆగాలి. అలసట అలా కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల్లో దానికి ఆరు మెట్లు. మొదటి మెట్టులో నేర్పు పందాలకు రెండు పాచికల్లో చిన్నది, రెండో మెట్టులో నడక సగం, మూడో మెట్టులో యుద్ధం పందాలకూ చిన్నదే. అలా దిగి ఆరో మెట్టులో చావు. పొద్దస్తమానం నడిచి నిద్రలేక తిండిలేక ఉన్నవాడికి ఒక రాత్రి పూర్తి విశ్రాంతి ఒక్క మెట్టే తగ్గిస్తుంది. ఏ మెట్టులో ఏముందో ఎవరికీ గుర్తుండక పుస్తకం తిరగేసేవారు. 2024లో దాన్ని సరళం చేశారు: మెట్టుకు రెండు చొప్పున పందెంలోంచి తగ్గించు, నడకా కాస్త తగ్గించు, ఆరో మెట్టు మళ్ళీ చావే. రాత్రి డ్యూటీ మీద రాత్రి డ్యూటీ చేసిన లైను మనిషి ఎవరైనా ఈ కొత్త నియమానికే ఓటేస్తాడు. అలసట మెట్లు మెట్లుగా రకాలు మారదు, అదే బరువు పెరుగుతూ పోతుంది.

దీనికి ఎదురుగా ఒక వింత. అదే ఆటలో మనిషి ప్రాణం అంకెల్లో ఉంటుంది. యాభై ప్రాణాలున్నవాడూ ఒక్క ప్రాణం మిగిలినవాడూ కత్తి ఒకేలా తిప్పుతారు. ఒళ్ళంతా తూట్లు పడినా పాచిక మారదు. కొన్ని ఆటలు దీన్ని సహించలేదు. ‘శావేజ్ వరల్డ్స్’ ఆటలో గాయానికి ఒకటి చొప్పున పందెం తగ్గుతుంది, మూడు దాకా. నిజానికి దగ్గరగా ఉంది కదా అనిపిస్తుంది. ఆడి చూస్తే వేరుగా ఉంటుంది. మొదటి దెబ్బ తిన్నవాడి పందెం తగ్గుతుంది, పందెం తగ్గింది కాబట్టి రెండో దెబ్బ తింటాడు, దాంతో ఇంకా తగ్గుతుంది. మొదటి దెబ్బతోనే ఫలితం తేలిపోయాక మిగిలిన గంటసేపూ ఎందుకు ఆడాలి? నిజంగా జరిగేదానికి దగ్గరగా ఉండటం ఆటకు ఎప్పుడూ మంచిది కాదు.

అన్నింటికంటే చెడ్డది, నా దృష్టిలో, వంతు పోవడం. పక్షవాతం, నిద్రమత్తు లాంటి స్థితుల్లో నీ వంతు వచ్చినా నువ్వేమీ చెయ్యవు. పాచిక చేతికే రాదు. అంకె తగ్గినవాడు కనీసం పాచిక విసురుతాడు, ఆశ పెట్టుకుంటాడు, 18 పడి 4 కింద పోతే తిట్టుకుంటాడు. వంతు పోయినవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. పాత్రకు శిక్ష వేశామనుకుంటాం గానీ, శిక్ష పడింది ఎదురుగా కూర్చున్న మనిషికి. రెండో వంతూ పోతే వాడు టీ కోసం లేస్తాడు. మూడోదీ పోతే ఇంటికి పోతాడు.

ఈ మాట చెప్పేటప్పుడు మన అష్టా చెమ్మాను వెనకేసుకు రాలేను. అయిదు గళ్ళ నిడివి, అయిదు గళ్ళ వెడల్పు. నాలుగు గవ్వలు, లేకపోతే ఒక పక్క అరగదీసిన నాలుగు చింతపిక్కలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. మా వైపు ఇళ్ళలో ఆడే పద్ధతిలో అష్టగానీ చెమ్మగానీ పడితేనే కాయ గడిలో దిగుతుంది. దిగి బయటి గళ్ళన్నీ చుట్టాక కూడా, ఎదుటివాడి కాయను ఒక్కదాన్నైనా చంపనిదే లోపలి గళ్ళలోకి పోవడానికి లేదు. చంపినవాడు, చంపనివాడు అన్నవి రెండు స్థితులు. ఆ స్థితి కాయకు కాదు, మనిషికే అంటుకుంటుంది. ఎంత మంచి పందెం పడినా చంపనివాడి కాయ బయట తిరుగుతూనే ఉండాలి. ఇది నాకు చాలా ఇష్టమైన నియమం. జంకేవాణ్ణి కూడా పోట్లాటలోకి లాగుతుంది.

కాయ దిగే నియమమే నాకు ఇష్టం లేనిది. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుందాం, నిజానికి ఏ గవ్వా అలా పడదు. నాలుగు గవ్వలకు పదహారు రకాల పాట్లు. అందులో అష్ట ఒకటి, చెమ్మ ఒకటి. అంటే ఎనిమిదిలో ఒక వంతు. ఎనిమిది వంతులు వచ్చాక కూడా ఒక్క కాయా దిగని పిల్లవాడు ఉండే అవకాశం నూటికి 34. నలుగురు ఆడుతుంటే ఒకరైనా అలా మిగిలిపోవడం ఆశ్చర్యం కాదు. మిగిలిన ముగ్గురూ చంపుకుంటూ పండించుకుంటూ ఉంటే వాడు వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుంటాడు. సాధారణంగా అందరికంటే చిన్నవాడు వాడే అవుతాడు, ఎందుకో తెలియదు.

అందుకే మేం మొన్నటి నుంచీ మా వరండాలో ఒక మార్పు పెట్టుకున్నాం. ఒక్క కాయా దిగనివాడు వంతుకు రెండుసార్లు గవ్వలు వేస్తాడు, రెండింట్లో తనకు పనికొచ్చేది తీసుకుంటాడు. కీమేన్‌కు లాంతరు పట్టిన నియమమే. లెక్క వేస్తే ఎనిమిదిలో ఒక వంతు ఉన్న అవకాశం నూటికి 23 దాటుతుంది. ఎనిమిది వంతుల తర్వాత కూడా దిగనివాడు ఉండే అవకాశం 34 నుంచి 12కు తగ్గుతుంది. ఒక్క కాయ దిగగానే ఆ సాయం పోతుంది, మళ్ళీ అందరిలాగే. చచ్చి ఇంటికి వచ్చిన కాయకు ఇది వర్తిస్తుందా అన్న దగ్గర మాత్రం మాకింకా తగవు తెగలేదు. గడిలో ఇంకో కాయ ఉంటే వర్తించదని పెద్దవాళ్ళు, చచ్చిన ప్రతి కాయకూ వర్తిస్తుందని పిల్లలు. పిల్లల మాట నెగ్గితే చంపడంలో పస ఉండదు. పెద్దల మాట నెగ్గితే ఒకే కాయతో తిరిగేవాడికి బాధ. మీ ఇంట్లో గవ్వలుంటే రెండు రకాలుగానూ ఆడి చూడండి.